కందుల గోదాములో వాము పొగ

ఈమధ్య ఇద్దరు కుర్ర ఇంజనీర్లు మా ఇంటికి వచ్చారు. తలుపుకు ఫ్యాను బిగించి, భవనంలో గాలి ఎంత కారుతోందో మిషను మీద అంకెల్లో చూసే పని వాళ్ళది. డెబ్భయ్యో దశకంలో నేనూ దాదాపు ఆ పనే చేశానని ఎవరో చెప్పారట. "మీరు ఏ పరికరం వాడేవారు సార్?" అని చాలా మర్యాదగా అడిగారు. "ఎండుమిరపకాయలు" అన్నాను. పెద్దాయనకు మతి తప్పిందేమోనని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు ఆ రోజు సగమే చెప్పగలిగాను. చాయ్ చల్లారిపోతోందని మా ఆవిడ మధ్యలో అడ్డుపడింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు పని ఏమిటో చెప్పాలి. పప్పుధాన్యాలు నిలవ ఉంటే పురుగు పడుతుంది. కందులకైతే మరీను, బయటికి నున్నగా కనిపించే గింజ లోపల డొల్లయిపోతుంది. ఆ పురుగు చావాలంటే బస్తాల మధ్య గ్యాసు బిళ్ళలు పెట్టి, తలుపులు మూసి, సందులన్నీ మట్టితోనూ కాగితంతోనూ అంటించి, కొన్ని రోజులు గోదాము జోలికి పోకూడదు. గాలిలో తేమ తగిలితే బిళ్ళ మెల్లగా గ్యాసైపోతుంది. అది కంటికి కనపడదు. గోదాము దాటి పక్కింట్లోకి పోతే ఆ ఇంట్లో పడుకున్నవాళ్ళు ఇక లేవరు. అందుకని బిళ్ళలు పెట్టకముందే ఒక మనిషి వచ్చి, ఎక్కడెక్కడ గాలి కారుతోందో వెతికి, మూయించి, "సరే, ఇక కానివ్వండి" అనాలి. ఆ మనిషిని నేను.

ఆఫీసు వికారాబాదులో. నేను మాత్రం ఆఫీసులో కూర్చున్నది తక్కువ. పొద్దున ప్యాసింజరు ఎక్కితే ధారూర్, తాండూరు. బస్సు ఎక్కితే పరిగి. మా అత్తగారికి అల్లుడి ఉద్యోగం ఏమిటో చెప్పుకోవడం చివరిదాకా చాతకాలేదు. లెక్కలు రాస్తాడా అని ఎవరైనా అడిగితే, "కాదమ్మా, గోదాములల్ల గాలి చూస్తడు" అనేదట. విన్నవాళ్ళు జాలిగా తల ఊపేవారట.

సందులు వెతకడానికి పొగబత్తులు వాడాలని రూలు. ఆ పొగబత్తులు హైదరాబాదు నుంచి రావాలి. అవి వచ్చేలోపల పురుగులు తమ పని పూర్తిచేసుకుని వెళ్ళిపోయేవి. అందుకని మేం ఇనుప బొచ్చెలో నిప్పులు పోసి, మీద గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి, బస్తాలకు దూరంగా నడిమధ్య పెట్టి, ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తేవాళ్ళం. గోదాము చుట్టూ హమాలీలు నిలబడేవారు. ఎవరికి తుమ్ము వస్తే వాళ్ళ ఎదుటి గోడలో సందు ఉన్నట్టు. నేను సుద్దముక్కతో అక్కడ గీత గీసేవాణ్ణి. మన దగ్గర ఏ పని మొదలుపెట్టినా ఎవరైనా తుమ్మితే కాసేపు ఆగి గాని కదలరు కదా. హమాలీలకు మొదట్లో ఇది పెద్ద ఇబ్బందైంది. "పని షురూ కాకముందే గిన్ని తుమ్ములైతే ఎట్ల సారూ?" అని నిజంగానే బెంగపడేవారు. తుమ్ము వినపడగానే ముఖం వెలిగిపోయే మనిషిని వాళ్ళు నన్నొక్కణ్ణే చూసి ఉంటారు.

బిళ్ళలు పెట్టే ఆపరేటరు వేరే ఉండేవాడు. ఎప్పుడూ నాతోనే ప్రయాణం. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రైల్లో పక్కన ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. మహా కోపిష్టి, మహా జాగ్రత్తపరుడు. మా ఇద్దరికీ రోజూ తగువే. నేను సరే అనేదాకా డబ్బా మూత తీయకపోవడం మాత్రం అతని నియమం, ఆ నియమం విషయంలో ఎంత పెద్ద అధికారి చెప్పినా వినేవాడు కాదు.

ఇక ఆ వేసవి సంగతి. తాండూరులో ఒక పాత సాహుకారు భవంతిని గోదాముగా కిరాయికి తీసుకున్నారు. నాపరాళ్ళ గోడలు, నేల మీద నాపరాతి బండలు, పైన రేకులు. లోపల ఉన్నవి తినే కందులు కావు, రైతులకు ఇవ్వాల్సిన విత్తనపు కందులు. పురుగు అప్పుడే మొదలైంది. తొలకరి పడేలోగా దాన్ని చంపకపోతే రైతులు గుల్లలు విత్తుకోవాలి. గోదాము సూపరింటెండెంటు మంచివాడే గాని ఆందోళన ఎక్కువ. మేం వెళ్ళేసరికి గుమ్మంలోనే నిలబడి ఆకాశం చూస్తున్నాడు. అక్కడ మబ్బు తునక కూడా లేదు. "మబ్బులు వడ్తున్నయ్, జల్ది కానియ్యండ్రి" అన్నాడు.

నాకు గోదాముకన్నా దాని వెనక గోడ ఎక్కువ భయం వేసింది. ఆ గోడకు అవతల ఒక ఇల్లు. రెంటికీ గోడ ఒకటే. నేను గల్లీ తిరిగి ఆ ఇంటికి వెళ్ళాను. గుమ్మానికి పరదా వేసి ఉంది. పరదా ముందు ఒక ముసలమ్మ తమలపాకులకు సున్నం రాస్తూ కూర్చుంది. కాన్పుకు వచ్చిన ఆమె కూతురు లోపల ఉంది. ఆడపిల్ల పుట్టిందట. వాళ్ళ ఇళ్ళల్లో నలభై రోజులు చిల్లా పాటిస్తారు. బాలింత గడప దాటదు, బయటి మగవాళ్ళు ఆ గదిలోకి అడుగుపెట్టరు. గోడను లోపలి నుంచి చూడాలని నేను అడగనేలేదు. అడిగినా ఒప్పుకునేది కాదు, అది నాకు తెలుసు.

"అమ్మా, గోదాముల మిర్చి పొగ పెడుతున్నం. మీ ఇంట్లకు ఘాటు వస్తే చెప్పాలె" అన్నాను.

"మా ఇంట్ల పొగకేం తక్కువ బేటా, తల్లికీ పిల్లకూ పొద్దుమాపు ఊదు వేస్తనే ఉంటం" అని నవ్వింది. "అయినా మిర్చి ఘాటు నాకు తెల్వదా? వస్తే చెప్త."

మిట్టమధ్యాహ్నం మిరపకాయలు వేశాం. చూరు కింద, కిటికీల దగ్గర హమాలీలు బాగానే తుమ్మారు. సుద్ద గీతలు గీసి, మట్టి పూయించాను. వెనక ఇంట్లో మాత్రం ఏమీ లేదు. ముసలమ్మ రెండుసార్లు లోపలికి వెళ్ళి చూసి వచ్చి, "ఇంత కూడ లేదు బేటా, అల్లా కసం" అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. గోడ గట్టిదేనని నేనూ నమ్మాను. మర్నాడు పొద్దున ఒకసారి చూసుకుని బిళ్ళలు పెట్టేద్దామనుకున్నాం.

మర్నాడు ఎండెక్కాక తాళం తీశాం. తలుపు తెరవగానే లోపల ఘుమఘుమలాడుతూ సాంబ్రాణి వాసన.

ఆపరేటరు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "బస్తాల నడుమ అగ్గి ముట్టిచ్చిందెవరు?" అని హమాలీల పెద్ద మీదికి పోయాడు. ఆయన గొర్రెలు కాసుకునే కుటుంబం నుంచి వచ్చి హమాలీగా కుదిరిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం మాట పడలేదు. "తాళంచెవి మీ సూపరింటెండెంటు సారు జేబుల ఉండె. మేం గోడలకెళ్ళి దూరి ఊదు వేసినమా? మాట జర చూసుకొని మాట్లాడు" అన్నాడు. సూపరింటెండెంటు మటుకు కళ్ళు మూసుకుని గట్టిగా వాసన పీల్చి, "ఎవరేసిండ్రో ఏమో గని, మంచి శకునమే. ఇగ బిళ్ళలు పెట్టుండ్రి" అన్నాడు. హమాలీల్లో ఒకడు ఏ బాబా మహిమో అని చెంపలు వేసుకున్నాడు. మూత పడి ఉన్న గోదాములోకి పొగ రావడానికి మహిమ తప్ప వేరే దారి కనపడక, నిజం చెప్పాలంటే నేను కూడా కాసేపు ఆ మాటకే తల ఊపాను.

కాని ఆ సాంబ్రాణి వెనక ఇంకో ఘాటు ఉంది. అది నాకు బాగా తెలిసిన ఘాటే, ఏమిటో గుర్తుకు రావడం లేదు. బస్తాల మధ్య అటూ ఇటూ నడుస్తుంటే తట్టింది, వాము. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు మా ఇల్లంతా ఇదే వాసన. బాలింతకూ పిల్లకూ వేసే పొగలో వాము వేస్తారు. దేవుడికి, బాబాకు ఎవరూ వాము పొగ వేయరు.

ఇన్నేళ్ళూ నా పొగ ఎటు పోతుందో వెతికాను గాని, ఎదుటివాళ్ళ పొగ నా గోదాములోకి వస్తుందేమోనని ఎన్నడూ చూడలేదు. వెనక గోడ దగ్గర గొంతుక్కూర్చుని నేల చూశాను. బండల మీద కందిపొట్టు పరుచుకుని ఉంది. ఒకచోట, రెండు బండల మధ్య అతుకు మీద, ఆ పొట్టు ఉండుండి లేచి పడుతోంది. వేలు పెట్టి చూస్తే కింది నుంచి చల్లగా గాలి.

నాకు అప్పుడు సంగతి బోధపడింది. నిన్న మధ్యాహ్నం మిరపకాయలు వేసినప్పుడు రేకులు కాలిపోతున్నాయి. వేడిగాలి చూరు సందుల్లోంచి పైకి పోతూ కింది నుంచి గాలిని లాక్కుంది. అందుకే ఆ ఇంట్లోకి ఘాటు పోలేదు. ఆ ఇంటి గాలే ఇటు వచ్చింది. సాయంత్రమై రేకులు చల్లబడితే గాలి అటు తిరుగుతుంది. బిళ్ళలు పెట్టి ఉంటే, ఆ సమయానికి లోపల ఉండేది మిరపకాయ పొగ కాదు. ఇంజనీరు కుర్రాళ్ళు ఉదయమూ సాయంత్రమూ రెండుసార్లు కొలుస్తామని చెబితే నాకు చాలా సంతోషమనిపించింది, కారణం ఇదే.

హమాలీల పెద్ద గడ్డపార తెచ్చాడు. బస్తాలు జరిపి, ఇద్దరు మనుషులు బండను పైకెత్తారు. కింద మట్టి లేదు, చీకటి ఉంది. ఆ చీకట్లోంచి సన్నగా పొగ, ఆ పొగతోపాటు పసిపిల్ల ఏడుపు.

గడ్డపార పట్టుకున్నవాడు దాన్ని వదిలేసి రెండడుగులు వెనక్కి గెంతాడు. అది పాతర. పాతకాలంలో జొన్నలు నిలవ చేయడానికి నేలలో తవ్వుకునే గొయ్యి. నేను గల్లీ చుట్టి పరుగెత్తాను. ముసలమ్మను అడిగితే తాపీగా చెప్పింది. ఒకప్పుడు గోదాము, ఈ ఇల్లు అంతా ఒక్క సాహుకారు భవంతే. ఇటు సగం ఆమె మామ కొన్నాడు. మధ్యలో గోడ లేచింది. గోడ సరిగ్గా పాతర నోటి మీదుగా వచ్చింది. పెద్ద బండ ఒకటి అడ్డం వేసి దాని మీదే గోడ కట్టారు. సగం నోరు అటు, సగం నోరు ఇటు. పైన పంచుకున్నారు గాని కింద పాతరను ఎవరూ పంచుకోలేదు.

"మీ దిక్కు నోటి మీద ఏమున్నదమ్మా?" అన్నాను.

"చెక్కలు పరిచినం. గా మూలకు మస్తు చల్లగుంటది బేటా. ఎండలు జూస్తున్నవు గద, పిల్ల తొట్టెల ఆడనే కట్టినం" అంది.

నేను గుమ్మం పక్క అరుగు మీద కూర్చున్నాను. మంచినీళ్ళు అడిగి తాగాను. "ముందు ఆ తొట్టెల అక్కడినుంచి తీయాలె అమ్మా" అన్నాను. ఎందుకో నేను చెప్పడం మొదలుపెట్టేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఉయ్యాల తాడు విప్పుతున్న చప్పుడు పరదా ఇవతలికి వినిపించింది.

ఆ రోజంతా, మర్నాడు కూడా పాతర పూడ్చడమే పని. హమాలీలు రాళ్ళు వేశారు. వాళ్ళ ఆడవాళ్ళు తట్టల్లో నల్లరేగడి మోసి తెచ్చి, తడిపి, తొక్కి మెత్తారు. తగువు పడ్డ ఆపరేటరు కూడా ప్యాంటు పైకి మడిచి మట్టి తొక్కాడు. హమాలీల పెద్ద అది చూసి తన బీడీల్లో ఒకటి అతనికిచ్చాడు. సందు ఎంత గట్టిగా మూసుకుందంటే, ఆ మూల ఇప్పుడు చల్లగా ఉండటం లేదని ముసలమ్మ ఆ వేసవంతా నా మీద ఫిర్యాదులు పంపింది. నా పనికి అంతకన్నా మంచి సర్టిఫికెట్ నాకెవరూ ఇవ్వలేదు.

ఇక మొదలైంది అసలు గొడవ. పాతర పూడింది కదా, బిళ్ళలు పెట్టమన్నాడు సూపరింటెండెంటు. రైతులు అప్పటికే వచ్చి విత్తనాలు ఎప్పుడిస్తారని అడిగి పోతున్నారు. నేను కుదరదన్నాను. మట్టి ఆరితే పగుళ్ళిస్తుంది. ఒకసారి నన్ను మోసం చేసిన గోడ అది. గోదాము మళ్ళీ తెరిచి గాలాడేదాకా ఆ ఇంట్లో మనిషి ఉండకూడదు, అందులోనూ పసిపిల్ల అసలే ఉండకూడదు.

ముసలమ్మ కూడా అంతే గట్టిగా కుదరదంది. "మా తాతల కాన్నుంచి చిల్లాల గడప దాటింది లేదు. తొట్టెల జరిపిన, నీ మాట విన్న. ఇగ బిడ్డను గాలికి, ఎండకు, పదిమంది కండ్లకు బయట తీస్కపొమ్మంటె నాతోని కాదు. తల్లికేమన్న అయితే నువ్వు జిమ్మేదారా?"

ఆమె మొండితనం అనుకుని విసుక్కోవచ్చు, సూపరింటెండెంటు అలాగే విసుక్కున్నాడు. నాకు మటుకు ఆమె కూడా నా పనే చేస్తున్నట్టు అనిపించింది. బయటి గాలి లోపలికి పోకుండా తలుపు దగ్గర కాపలా కూర్చుంది. ఆమె భయం ఆమెది, నా భయం నాది, ఇద్దరం భయపడుతున్నది ఆ ఒక్క పిల్ల కోసమే. ఆపరేటరు డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎదుటి అరుగు మీద కూర్చున్నాడు. ఎండ నడినెత్తి మీదికి వస్తోంది.

హమాలీల పెద్ద భార్య అప్పటిదాకా చేతులకంటిన మట్టి కడుక్కుంటూ ఈ వాదన వింటోంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ముసలమ్మ ముందు నిలబడింది.

"అమ్మీ, అర్ర ఇడిసి రావద్దు, గంతే గద? సరే, ఇడువొద్దు. అర్రనే తీస్కపోదాం" అంది.

గదిని ఎలా తీసుకుపోతారో ఎవరికీ అర్థం కాలేదు. ఆమె గల్లీలో ఇంటింటికీ తిరిగి దుప్పట్లు తెచ్చింది. నాలుగు దుప్పట్లు నాలుగు గోడలు, పైన ఒక చాదరు కప్పు. తట్టలు మోసిన ఆడవాళ్ళే అంచులు పట్టుకున్నారు. గడప దగ్గర ఆ దుప్పట్ల గదిని ఇంటి గదికి ఆనించారు. బాలింత ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వచ్చిందే గాని బయటికి రాలేదు. ముసలమ్మ దుప్పట్ల చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత ఊదు వేసే మట్టిపాత్ర లోపలి నుంచి తెచ్చి, నిప్పులు ఊది, గుప్పెడు సాంబ్రాణి, గుప్పెడు వాము వేసి తనూ ఆ దుప్పట్ల మధ్యకు వెళ్ళింది. "నడువుండ్రి" అంది లోపలి నుంచి.

గది కదిలింది. గల్లీ చివర హమాలీల పెద్ద ఇంట్లో, కొత్తగా సున్నం వేసిన ఒక అర్ర ఖాళీ చేసి పెట్టారు. అక్కడిదాకా మెల్లగా నడిచారు. ముందు సూపరింటెండెంటు రెండు చేతులూ చాచి సైకిళ్ళను ఆపుతూ, "జరుగుండ్రి, బాలింతొస్తుంది" అని అరుస్తున్నాడు. పరాయి మగవాళ్ళం గనక ఆపరేటరూ నేనూ గోడవైపు తిరిగి నిలబడ్డాం. ఆ దుప్పట్లలో ఒక్కటి కూడా చిల్లు లేనిది లేదు. నాలుగు దిక్కుల నుంచీ, కప్పులోంచీ, అంచుల కిందినుంచీ వాము పొగ గల్లీ అంతా కమ్ముకుంది. నేను ఓరకంట చూడకుండా ఉండలేకపోయాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత ఘోరంగా కారే గదిని నేనెక్కడా చూడలేదు. నా కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. పొగకే అని ఆపరేటరుకు చెప్పాను. అతను కూడా పొగకే అన్నాడు.

మా పక్కకు రాగానే గది ఒక్క క్షణం ఆగింది. లోపలి నుంచి ఒక పడుచు గొంతు, అప్పటిదాకా నేను ఎన్నడూ వినని గొంతు, నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"అన్నా, గాలి చూసే అన్నా! మా అర్ర పాసా, ఫేలా?"

"పాసే చెల్లె, పాసే. నువ్వు నడువు" అన్నాను.